కోడ్ ఉచితం, మరి జీతం ఎక్కడి నుంచి వస్తోంది?

మాదాపూర్‌లో ఏదో ఒక ఆఫీసు. అక్కడ ఇరవై మంది ఒక విదేశీ బ్యాంకు ప్రాజెక్టు మీద పనిచేస్తున్నారనుకుందాం. సర్వర్ల మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉంటుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కోడ్ జావాలో రాస్తారు, దానికి ఆధారంగా స్ప్రింగ్ ఉంటుంది. ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకి సమాచారం మోయడానికి కాఫ్కా, అన్నిటినీ కలిపి నడపడానికి కుబర్నెటిస్, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకోవడానికి గిట్. వీటిలో దేన్నయినా లైసెన్సు కొనకుండానే వాడుకోవచ్చు. ఆ ఇరవై మంది ఏడాదంతా కూర్చుని రాసే కోడ్ కంటే, మొదటి రోజు డౌన్‌లోడ్ చేసుకున్న కోడ్ ఎన్నో రెట్లు పెద్దది. అయినా క్లయింట్ బిల్లు కడుతున్నాడు, నెలాఖరుకి అందరికీ జీతాలు పడుతున్నాయి.

ఈ మధ్య మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు దీని గురించే అడిగాడు. "అన్నా, ఇంతింత సాఫ్ట్‌వేర్ ఊరికే పంచిపెడుతుంటే మన పనికి విలువ తగ్గిపోదా? ఇంటికొచ్చి ఉచితంగా వండిపెట్టే వాళ్లుంటే వంటమనిషికి జీతం ఎవరిస్తారు?" ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ప్రశ్న మంచిది, దానికి ఒక్క వాక్యంలో జవాబు లేదు. ఉచిత కోడ్ వల్ల కొందరి జీతాలు పెరిగాయి. కొందరి ఉద్యోగాలు పోయాయి. కొందరికి మాత్రం రావాల్సింది ఎప్పుడూ రాలేదు. ఎవరికి ఏం జరిగిందో విడదీసి చూస్తే తప్ప విషయం అర్థం కాదు.

ఇక్కడ తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకే రెండు అర్థాలు. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ పేరే ‘స్వేచ్ఛ’. కోడ్‌ని చదివే హక్కు, మార్చుకునే హక్కు, మార్చినదాన్ని పదిమందికి పంచే హక్కు ఉండటం స్వేచ్ఛ. ఆ హక్కు అందరికీ ఇచ్చేశాక కాపీకి ధర పెట్టినా నిలబడదు కాబట్టి, ఉచితం దాని వెనకే వస్తుంది. జీతాల గురించిన భయమంతా ఈ వెనక వచ్చే ఉచితం గురించే.

పాత భయం

ఈ భయం కొత్తది కాదు. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశారు. ఆల్టెయిర్ కంప్యూటర్ కోసం తాము రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషా సాఫ్ట్‌వేర్‌ని చాలామంది డబ్బు కట్టకుండా కాపీ చేసుకుంటున్నారని, వచ్చిన రాయల్టీని తాము పెట్టిన సమయంతో భాగిస్తే గంటకి రెండు డాలర్లు కూడా పడటం లేదని ఆయన బాధ. ఊరికే పనిచేసి పెట్టడం ఏ వృత్తి నిపుణుడికి సాధ్యం అని అడిగారు. ఆయన కోపం అనుమతి లేని కాపీల మీద, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద కాదు. అప్పటికి ఆ ఉద్యమం పుట్టనే లేదు. కానీ ఆ లేఖలో ఉన్న లెక్క మాత్రం మా కుర్రాడి లెక్కే. కోడ్‌కి ధర లేకపోతే రాసేవాడికి కూలి లేదు.

దీనికి ఎదురుగా వచ్చినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించి, 1985లో దాని ప్రణాళిక ప్రచురించారు. ప్రోగ్రామర్లు ఆకలితో చస్తారు కదా అన్న అభ్యంతరాన్ని అందులో ఆయన దాటవేయలేదు. ప్రోగ్రామింగ్‌కి డబ్బు వచ్చే దారులు అప్పటికీ ఉంటాయి, కాకపోతే ఇప్పుడొస్తున్నంత రాకపోవచ్చు అన్నారు. జీతం తగ్గినా ఈ పని న్యాయమైనదే అన్నది ఆయన వాదన. ఆయన జోస్యంలో జీతం తగ్గుతుందన్న సగమే తప్పింది. ఆ తర్వాతి నలభై ఏళ్లలో లినక్స్ వచ్చింది, ఉచిత డేటాబేస్‌లు వచ్చాయి, ఇంటర్నెట్ మొత్తం ఉచిత కోడ్ మీద నిలబడింది. 2024 మే నాటి అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం అక్కడి సాఫ్ట్‌వేర్ డెవలపర్ల మధ్యస్థ వార్షిక వేతనం 1,33,080 డాలర్లు. అన్ని వృత్తులూ కలిపితే అది 49,500.

స్టాల్‌మన్ చెప్పిన దారుల్లో ఒకటి ఎలా పనిచేస్తుందో 1989లోనే తేలింది. ఆ ఏడాది సిగ్నస్ అనే చిన్న కంపెనీ మొదలైంది. అది అమ్మే సాఫ్ట్‌వేర్ అంటూ ఏమీ లేదు. గ్నూ కంపైలర్, అంటే రాసిన కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్, అందరికీ ఉచితమే. కానీ చిప్‌లు తయారుచేసే కంపెనీలకి ఆ కంపైలర్ తమ కొత్త చిప్ మీద పనిచేసేలా మార్చిపెట్టే మనిషి కావాలి. సిగ్నస్ ఆ మనుషుల పనిని అమ్మింది. పదేళ్ల తర్వాత రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ రెడ్ హ్యాట్‌ని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి కొంది. ఊరికే దొరికే వస్తువు చుట్టూ ఇంత డబ్బు చేరిందంటే, ఆ డబ్బు వస్తువుకి కాదు, దాన్ని తెలిసిన చేతులకి.

చట్నీ ఎవరిది, ఇడ్లీ ఎవరిది

మన టిఫిన్ సెంటర్లలో చట్నీకి విడిగా డబ్బు తీసుకోరు. ఇంకో గరిటె అడిగినా వేస్తారు. చట్నీ ఎంత ధారాళంగా వేస్తే అంత ఇడ్లీ అమ్ముడుపోతుంది. ఇడ్లీ అమ్మేవాడికి ఇది లాభం. కానీ ఆ వీధిలో చట్నీ ఒక్కటే చేసి అమ్ముకుని బతికేవాడు ఉంటే, వాడి గతి ఏమిటి?

సాఫ్ట్‌వేర్‌లో జరిగింది ఇదే. ఐబీఎం 2001లో లినక్స్ మీద వంద కోట్ల డాలర్లు పెడతానని ముందే ప్రకటించింది. అది దానం కాదు. ఐబీఎం ఇడ్లీ సర్వర్లు, సర్వీసులు. ఆపరేటింగ్ సిస్టం చవకైతే అవి ఎక్కువ అమ్ముడవుతాయి. నష్టపోయింది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంని సొంతంగా చేసి అమ్ముకునే కంపెనీలు, ముఖ్యంగా సన్ మైక్రోసిస్టమ్స్. ఒకప్పుడు ఇంటర్నెట్‌కి వెన్నెముక అనిపించుకున్న ఆ కంపెనీ 2010లో ఒరాకిల్‌లో కలిసిపోయింది. దాని పతనానికి లినక్స్ ఒక్కటే కారణం కాదు, కానీ పెద్ద కారణం.

ఇంకో ఉదాహరణ జావా రాసిన పాతవాళ్లకి గుర్తుంటుంది. బోర్లాండ్ వాళ్ల జేబిల్డర్ కోడ్ రాయడానికి డబ్బు పెట్టి కొనుక్కునే ఎడిటర్, మంచి ఎడిటర్. 2001 నవంబరులో ఐబీఎం అలాంటిదే అయిన తన ఎక్లిప్స్‌ని ఓపెన్ సోర్స్ చేసింది, అంటే కోడ్ తెరిచి అందరికీ ఇచ్చేసింది. కొన్నేళ్లకే జేబిల్డర్ కొనేవాళ్లు కరువయ్యారు. చివరికి బోర్లాండే తన జేబిల్డర్‌ని ఎక్లిప్స్ మీద కట్టుకోవాల్సి వచ్చింది. ఎడిటర్లు తయారుచేసి బతికే ప్రోగ్రామర్ల సంఖ్య తగ్గింది. అదే ఎక్లిప్స్ ఊరికే దొరకడం వల్ల జావా నేర్చుకున్నవాళ్లు, జావాలో పనిచేసినవాళ్లు ప్రపంచమంతా లక్షల్లో పెరిగారు. పోయిన ఉద్యోగాలు ఒక చోట కుప్పగా పోయాయి, కళ్లకి కనబడ్డాయి. వచ్చిన ఉద్యోగాలు వేల ఊళ్లలో చెదురుమదురుగా వచ్చాయి, వాటికి కారణం ఇదని ఎవరూ బోర్డు పెట్టలేదు. ఈ చర్చలో తప్పుడు లెక్కలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

అసలు సంగతి ఏమిటంటే, ప్రోగ్రామర్లలో ఎక్కువమంది ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ ప్యాకెట్లు అమ్మే కంపెనీల్లో లేరు. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, విమానయాన సంస్థల్లో, ప్రభుత్వ శాఖల్లో, వాళ్లకి పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీల్లో ఉన్నారు. వాళ్లు రాసే కోడ్‌ని ఎవరూ బయట అమ్మరు, కొనేవాడూ ఉండడు. ఒక బ్యాంకు రుణాల విభాగం కోసం రాసిన లెక్క ఇంకో బ్యాంకుకి అతకదు. ఆ అతికించే పనికే జీతం. కింద ఉన్న సరుకు చవకైన కొద్దీ, పైన అతికించే పనికి మరిన్ని కంపెనీలు సిద్ధపడతాయి. ఇటుక ఉచితమైతే మేస్త్రీకి పని తగ్గదు; ఇల్లు కట్టుకునేవాళ్లు పెరుగుతారు.

2024 ఆరంభంలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు ఓపెన్ సోర్స్ విలువ లెక్కగట్టారు. ప్రపంచంలోని కంపెనీలు తాము వాడే ఓపెన్ సోర్స్‌ని ఎవరికి వారే మళ్లీ రాయించుకోవాల్సి వస్తే అయ్యే ఖర్చు 8.8 లక్షల కోట్ల డాలర్లు అన్నారు. అది లేకపోతే కంపెనీలు సాఫ్ట్‌వేర్ మీద ఇప్పుడు పెట్టేదానికి మూడున్నర రెట్లు పెట్టాల్సి వచ్చేదని కూడా అంచనా వేశారు. ఈ అంకె చూడగానే చాలామందికి తట్టే మాట: చూశారా, ఆ మూడున్నర రెట్లు మనకి రావాల్సిన జీతాలే కదా! కాదు. అంత ఖర్చయితే సగం సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ రాయించేవాళ్లే కాదు. ఇద్దరు స్నేహితులు అద్దె గదిలో మొదలుపెట్టే కంపెనీ పుట్టేదే కాదు. రాయించినా, లైసెన్సు డబ్బులో ప్రోగ్రామర్ చేతికి వచ్చేది కొంత, యజమానికి పోయేది చాలా.

దీనికి దగ్గరగా ఒక నిజమైన పరీక్ష ఫ్రాన్స్‌లో జరిగింది. 2012లో అక్కడి ప్రభుత్వం తన శాఖలన్నీ వీలైనచోట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి మొగ్గు చూపాలని ఆదేశించింది. ఆ తర్వాతి పరిణామాల్ని అప్పుడు హార్వర్డ్‌లో ఉన్న ఫ్రాంక్ నేగల్ ఇతర దేశాలతో పోల్చి చూశారు. ఐటీ స్టార్టప్‌లు ఏటా 9 నుంచి 18 శాతం, ఐటీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఏటా 6.6 నుంచి 14 శాతం అదనంగా పెరిగారని ఆయన అంచనా. ఒక్క దేశం, ఒక్క అధ్యయనం. దీన్ని పట్టుకుని అన్నిచోట్లా ఇదే జరుగుతుందని అనను. కానీ ఉచిత కోడ్ ఉద్యోగాలు తినేస్తుందన్న మాట నిజమైతే ఈ అంకెలు తగ్గాలి, పెరగకూడదు.

అమీర్‌పేట వైపు నుంచి చూస్తే

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం నుంచో, ఖమ్మం నుంచో డిగ్రీ పట్టుకుని వచ్చి అమీర్‌పేటలో హాస్టల్ గది తీసుకుని, పక్క సందులో ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, మూడు నెలల్లో ఒక కోర్సు పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కోవడం తెలుగు ఇళ్లలో చాలామందికి తెలిసిన కథ. ఆ కథ సాధ్యమవడానికి ఒక కారణం, నేర్చుకునే సరుకు ఊరికే దొరకడం. లినక్స్, మైఎస్‌క్యూఎల్, టామ్‌క్యాట్ ఏ పాత కంప్యూటర్ మీదైనా ఎక్కించుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఇంజనీరు చూసే కోడే హాస్టల్ గదిలో కుర్రాడికీ కనిపిస్తుంది. లక్షల ఖరీదుండే ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్‌ని ఆ గదిలో నేర్చుకోవాలంటే దొంగ కాపీ తప్ప దారి లేని రోజులు చూసినవాళ్లకి ఈ తేడా ఎంతో తెలుసు.

అయితే తలుపు మనకి తెరుచుకున్నట్టే అందరికీ తెరుచుకుంది. ఏ టూల్ అయినా నేర్చుకున్నవాళ్లు లక్షల్లో ఉంటే, ఆ టూల్ తెలియడం అనే దానికి విడిగా ధర రాదు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకి పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయిందన్నది అందరికీ తెలిసిన చేదు నిజం. ఆ మధ్యలో అద్దెలు, బస్సు ఛార్జీలు, మెస్ బిల్లులు ఎంత పెరిగాయో చెప్పక్కర్లేదు. దీనికి ఓపెన్ సోర్స్‌ని తప్పు పట్టాలా? నా ఉద్దేశంలో దాని వాటా చిన్నది. ఏటా లక్షల మంది ఇంజనీరింగ్ పట్టభద్రులు ఒకే వరసలో నిలబడటం, ఆ కంపెనీల లాభం తక్కువ జీతపు కొత్తవాళ్లని ఎక్కువమందిని పెట్టడం మీద ఆధారపడటం అసలు కారణాలు. టూల్స్ అన్నీ డబ్బువే అయి ఉంటే వరస పొట్టిదయ్యేది, నిజమే. కానీ అప్పుడు ఆ వరసలో ఉండేది కోర్సు ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే.

పెద్ద కంపెనీల లావాదేవీలు నడిపే ఖరీదైన సాఫ్ట్‌వేర్ శాప్. దాని కన్సల్టెంట్లకి మొదట్నుంచీ మంచి జీతాలు రావడం వెనక కూడా ఇదే సూత్రం ఉంది. ఆ సిస్టం ఇంట్లో పెట్టుకుని నేర్చుకోవడం కష్టం, నేర్చుకున్నవాళ్లు తక్కువ, కాబట్టి రేటు ఎక్కువ. కానీ ఆ రేటు ఒక్క కంపెనీ నిర్ణయాల మీద వేలాడుతుంది. ఆ కంపెనీ రేపు ఒక ఉత్పత్తిని ఆపేస్తే నీ పదేళ్ల అనుభవం దానితో పాటే ఆగుతుంది.

ఓపెన్ సోర్స్ జీతాలకి చేసిన అతి పెద్ద మేలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒక కంపెనీ కోడ్‌కి పునాదిగా తన సొంత ఫ్రేమ్‌వర్క్ రాసుకుని అందరూ దాన్నే వాడాలంటే, అందులో ఆరేళ్లు పనిచేసినవాడికి బయట ఆ అనుభవానికి విలువ లేదు. నేనూ ఒకప్పుడు అలాంటి చోట ఇరుక్కున్నాను. ఇంటర్వ్యూకి వెళ్తే నాకు తెలిసినదాని పేరు కూడా ఎవరూ విని ఉండేవాళ్లు కాదు. హైక్ అడిగే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అదే కాఫ్కా, పోస్ట్‌గ్రెస్, కుబర్నెటిస్ తెలిసినవాడు గచ్చిబౌలిలో ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి మారితే తెలివంతా వెంట వస్తుంది. 2021, 2022లో ఉద్యోగాలు మారి జీతాలు భారీగా పెంచుకున్నవాళ్లు అలా మారగలగడానికి అందరూ ఒకే సరుకు వాడటం ఒక కారణం. పనిముట్టు కంపెనీదై ఉంటే నువ్వు కంపెనీకి కట్టుబడి ఉంటావు. పనిముట్టు అందరిదైతే బేరమాడే శక్తి నీదగ్గర ఉంటుంది.

గిట్‌హబ్‌లో పచ్చ గళ్లు

కోడ్ వాడుకోవడం సరే, ఊరికే రాసిచ్చేవాడికి ఏమొస్తుంది? ఆర్థికవేత్తలు జోష్ లెర్నర్, జాఁ టిరోల్ 2002లో దీని మీద రాశారు. టిరోల్‌కి తర్వాత 2014లో నోబెల్ వచ్చింది. వాళ్లు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, పని అందరికీ కనబడటం. ఆఫీసులో నువ్వు రాసిన కోడ్‌ని నీ మేనేజర్ తప్ప ఎవరూ చూడరు. ఓపెన్ సోర్స్‌లో రాసింది ప్రపంచం చూస్తుంది. రెజ్యూమేలో ఏమైనా రాసుకోవచ్చు, ఇక్కడ దాచడానికి ఏమీ ఉండదు.

ఇది నిజమేనా అని అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ల జీతాల్ని కొందరు పరిశోధకులు పరిశీలించారు. తేలింది ఆసక్తికరంగా ఉంది. ఎన్ని మార్పులు పంపారన్న లెక్కకీ జీతానికీ సంబంధం కనబడలేదు. ఆ ప్రాజెక్టులో ఎంత బాధ్యత గల స్థానానికి చేరారన్న దానికి మాత్రం గట్టి సంబంధం ఉంది. అంటే మార్కెట్ డబ్బిచ్చేది సంఖ్యకి కాదు. తోటివాళ్లు ఈ మనిషి చేతిలో ప్రాజెక్టు పెట్టొచ్చు అని నమ్మినప్పుడు, ఆ నమ్మకానికి.

ఇది మన విద్యార్థులకి ఎవరూ సరిగా చెప్పడం లేదన్నది నా బాధ. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో, ఎవరైనా పనిచేసిన ప్రతి రోజుకీ ఒక పచ్చ గడి కనిపిస్తుంది. ప్లేస్‌మెంట్ కోసం ఆ గళ్లు నింపమని చెబుతున్నారు. 2020లో, ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపితే టీషర్ట్ ఇస్తామన్న హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో పనికిరాని మార్పులు వరదలా వచ్చిపడి, ప్రాజెక్టు ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు నియమం మార్చుకోవాల్సి వచ్చింది. 2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకి, ఒక పాఠం వీడియో చూసి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో తమ పేరు చేర్చమని మన దేశపు విద్యార్థులు వందల్లో అభ్యర్థనలు పంపారు. ఆ పిల్లల మీద కోపం లేదు, చెప్పినట్టే చేశారు. కానీ అవన్నీ ఒక్కొక్కటిగా తెరిచి తీసేసింది జీతం లేని మనుషులు. ఒక చిన్న ప్రాజెక్టు ఎంచుకుని, ఏడాది పాటు దాని బగ్‌లు చదివి, రెండు మూడు నిజంగా సరిచేసిన అమ్మాయిని నేను ఇంటర్వ్యూ చేశాను. ఆమెని రెండో రౌండ్ అడగాల్సిన అవసరం రాలేదు.

అతికించే పని మీదే దెబ్బ

ఇప్పటిదాకా చెప్పింది ఒకే సూత్రం మీద నిలబడింది. కోడ్‌కి వెల పోయినా, దాన్ని చదివి అర్థం చేసుకుని అతికించే మనిషికి వెల ఉంటుంది. ఈ సూత్రానికి రెండు వైపుల నుంచి ఒత్తిడి వస్తోంది.

ఒకటి క్లౌడ్, అంటే సర్వర్లని, సాఫ్ట్‌వేర్‌ని ఇంటర్నెట్ మీద అద్దెకివ్వడం. ఒక కంపెనీ ఏళ్ల తరబడి డబ్బు పెట్టి డేటాబేస్ రాసి ఓపెన్‌గా ఇస్తే, పెద్ద క్లౌడ్ కంపెనీలు దాన్నే తీసుకుని సర్వీసుగా అమ్మేస్తాయి. సిగ్నస్ కాలంలో తెలిసిన మనిషి అమ్ముకున్న పనిని ఇప్పుడు పెద్దవాడి యంత్రం అమ్ముతోంది. అందుకే మాంగోడీబీ 2018లో, ఎలాస్టిక్ 2021లో, హాషికార్ప్ 2023లో, రెడిస్ 2024లో లైసెన్సులు బిగించాయి. వాడుకునేవాళ్లు ఊరుకోలేదు. ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అని పాత కోడ్ నుంచి వేరు కాపురాలు పెట్టారు. తర్వాత ఎలాస్టిక్, రెడిస్ మళ్లీ ఓపెన్ లైసెన్సు వైపు తిరిగి వచ్చాయి. ఈ గొడవ తేలలేదు.

రెండోది ఏఐ, దీని గురించి నాకు నిజంగా టెన్షన్ ఉంది. బహిరంగంగా ఉన్న కోడ్ మీదే ఈ మోడళ్లు నేర్చుకున్నాయి. ఇన్నాళ్లూ ఉచిత కోడ్‌కీ జీతానికీ మధ్య వంతెన మనిషి. డాక్యుమెంటేషన్ చదివేది, ఎర్రర్ వెతికేది, సిద్ధంగా దొరికే కోడ్ మూటలు, అంటే లైబ్రరీలు, రెండిటిని కలిపేది వాడే. ఏఐ తగిలింది సరిగ్గా ఆ వంతెనకే. వెబ్ పేజీల రూపు దిద్దడానికి వాడే, టైల్‌విండ్ అనే చాలా పేరున్న ఉచిత సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్ విషయం చూడండి. దాని డాక్యుమెంటేషన్ చదవడానికి వచ్చినవాళ్లలో కొందరు ఆ కంపెనీ అమ్మే డిజైన్లు కొనేవాళ్లు, ఆ డబ్బుతో ఇంజనీర్లు బతికేవాళ్లు. ఏఐ వచ్చాక ఫ్రేమ్‌వర్క్ వాడకం పెరిగింది, చదవడానికి వచ్చేవాళ్లు తగ్గారు. 2026 జనవరిలో ఆ చిన్న ఇంజనీరింగ్ టీంలో ముప్పావు వంతు మందిని తీసేశామని దాని స్థాపకుడు చెప్పారు. వాడకం పెరుగుతూ ఆదాయం పడిపోవడం ఓపెన్ సోర్స్ చరిత్రలో మామూలు సంగతి కాదు.

ఫ్రెషర్లు మొదట చేసే పని ఈ అతికించడమే కాబట్టి దెబ్బ ముందు వాళ్లకే తగులుతుంది. వాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే: లైబ్రరీని పిలవడం నేర్చుకుని ఆగిపోకండి, లోపల ఏం జరుగుతుందో తెరిచి చదవండి. కోడ్ తెరిచే ఉంది.

తూము దగ్గర మనిషి

మన ఊళ్లలో చెరువు అందరిదీ. నీళ్లు అందరి పొలాలకీ వెళ్లాలి. అందుకు ఒక మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి అంటారు, రాయలసీమలో నీరుగంటి. ఏ రోజు తూము ఎంత ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలి, కట్టకి ఎక్కడ బుంగ పడింది, అన్నీ అతను చూసుకునేవాడు. నీళ్లకి ధర లేదు. కానీ పంట ఇంటికొచ్చినప్పుడు అతనికి ప్రతి రైతూ కొలిచి ఇవ్వాల్సిన వాటా ఉండేది. చెరువు ఉచితం అంటే నీరటి పని ఉచితం అని ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

ఓపెన్ సోర్స్‌లో ఈ వాటా కట్టే ఏర్పాటు లేదు. లినక్స్ కెర్నెల్ లాంటి పెద్ద చెరువులకి ఇబ్బంది లేదు; అక్కడ ఎక్కువ పని చేసేది కంపెనీల జీతం మీద ఉన్న ఇంజనీర్లే. చిన్నవాటి పరిస్థితి వేరు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, ప్రపంచంలోని సురక్షిత వెబ్‌సైట్లలో పెద్ద భాగం ఆధారపడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌కి పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడే ఉన్నాడని, ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్లని జనానికి తెలిసింది. బ్యాంకులు, ప్రభుత్వాలు, మనం ఆన్‌లైన్‌లో పంపే ప్రతి రూపాయీ దాని మీద నడిచిన రోజులవి. నేను పైన చెప్పిన హార్వర్డ్ లెక్కలోనే ఇంకో రెండు అంకెలున్నాయి. అంత విలువైన కోడ్‌ని ఒక్కసారి మళ్లీ రాయడానికి అయ్యే ఖర్చు 415 కోట్ల డాలర్లేనట. ఆ విలువలో 96 శాతాన్ని సృష్టించింది 5 శాతం డెవలపర్లట. ఈ ప్రాజెక్టుల్ని చూసుకునే మెయింటైనర్లలో దాదాపు 60 శాతం మందికి ఈ పనికి ఏమీ రాదని టైడ్‌లిఫ్ట్ అనే కంపెనీ సర్వేలు చెబుతున్నాయి.

మనం కట్టకపోవడం దగ్గర ఆగడం లేదు, మన్ను కూడా మోయడం లేదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట ఒక లైబ్రరీలో బగ్ పట్టుకుని సరిచేశాం. దాన్ని ఆ ప్రాజెక్టుకి పంపుతామంటే లీగల్ నుంచి అనుమతి రాలేదు, వద్దన్న మాటా రాలేదు. ఆ తర్వాత ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మా ఇద్దరం కూర్చుని ఆ మార్పుని మళ్లీ అతికించేవాళ్లం. మా గంటలు క్లయింట్‌కి బిల్లయ్యేవి కాబట్టి ఎవరికీ అది నష్టంగా కనబడలేదు.

దారులు లేకపోలేదు. జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టి ఇలాంటి పునాది కోడ్‌కి నేరుగా డబ్బిస్తోంది. మన దేశంలో షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఏటా పది లక్షల డాలర్లతో ఒక నిధి ప్రకటించింది. ఏటా 20 వేల కోట్ల డాలర్లకి పైగా ఎగుమతి చేసే మన ఐటీ రంగంలో ఇది ఒక్క కంపెనీ చేసిన పని. ఈ కోడ్ మీద ఎన్నో రెట్లు పెద్ద వ్యాపారం చేసే సర్వీస్ కంపెనీలు ఒక్కో ప్రాజెక్టు గంటల్లో నూటికి ఒక గంట పక్కన పెట్టినా చాలామంది నీరటులకి జీతమవుతుంది.

2024 మార్చిలో జరిగింది చెప్పి ఆపుతాను. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకుంటున్నాడు. ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని అతను బహిరంగంగా రాసుకున్నాడు కూడా. పని నెమ్మదిగా సాగుతోందని కొన్ని పేర్లతో అతని మీద ఒత్తిడి పెంచారు. మారుపేరుతో ఒకరు సాయానికి వచ్చి, రెండేళ్లకి పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టారు. అది ప్రపంచంలోని సర్వర్లన్నిటికీ పాకకముందే పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయనకి అనుమానం వచ్చింది. ఆయన అప్పుడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. ఆ అర సెకను కంటబడిన రోజు ఆయన చేస్తున్న పని పోస్ట్‌గ్రెస్ మీద పరీక్షలు, అంటే ఊరికే పంచిపెట్టే ఒక డేటాబేస్ కోసం. ఆ పనికి ఆయనకి నెలనెలా జీతం వచ్చేది.